ఎక్స్‌కాలిబరా, గ్రీన్ నైటా: ఆర్థర్ రాజు సినిమాల్లో ఏది మేలు?

ఒకప్పుడు బ్రిటన్‌ను ఏలాడని చెప్పుకునే ఆర్థర్ రాజు కథ మీద వచ్చిన సినిమాల్లో ఒక్కటే చూడాలంటే ఏది చూడాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. రాతిలో దిగిన కత్తిని లాగి ఆర్థర్ రాజవడం, అతని వీరులు కూర్చునే గుండ్రబల్ల, అతనికి అండగా నిలిచే మాంత్రికుడు మెర్లిన్, ఈ సంగతులు మీరు వినే ఉంటారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను. నా లెక్కలో పోటీ రెండింటికే: 1981లో జాన్ బూర్మన్ తీసిన ‘ఎక్స్‌కాలిబర్’ (ఆర్థర్ కత్తి పేరు), 2021లో డేవిడ్ లోవరీ తీసిన ‘ది గ్రీన్ నైట్’ (నైట్ అంటే రాజు కొలువులోని వీరుడు). మొన్న వరుసగా రెండు రాత్రులు కూర్చుని రెండూ మళ్లీ చూశాను.

మొదటిదానికి మూలం థామస్ మాలరీ రాసిన గ్రంథం, 1485లో కాక్స్‌టన్ అచ్చువేసింది. ఆర్థర్ పుట్టకముందు మొదలుపెట్టి అతను పోయేదాకా మొత్తం కథను రెండు గంటల ఇరవై నిమిషాల్లో చెప్పేస్తారు. రెండోదానికి ఆధారం 14వ శతాబ్దపు కావ్యం, కవి ఎవరో తెలియదు. అందులో ఉన్నది ఆర్థర్ మేనల్లుడు గవైన్ ఒక్కడి కథే. రెండు సినిమాలనూ ఐర్లండ్‌లోనే తీశారు.

కత్తి దూసే వీరుణ్ని ఏ జానపదంలోనైనా చూస్తాం. కత్తి ముందు మెడ వంచేవాణ్ని చూడటం అరుదు. నేను చూసేది అదే.

‘ఎక్స్‌కాలిబర్’లో ఆ ఘట్టం తొందరగానే వస్తుంది. కోట కందకంలో, నడుం లోతు నీళ్లలో, ఆర్థర్ కత్తి మొన, అతన్ని రాజుగా ఒప్పుకోని యూరియన్స్ అనే దొర గొంతు మీద ఉంటుంది. “నైట్ కూడా కాని కుర్రాడికి నేను లొంగాలా?” అంటాడు యూరియన్స్. నిజమేనని ఒప్పుకుని, ఆ కత్తిని శత్రువు చేతికే ఇచ్చి, నన్ను నువ్వే నైట్‌ని చెయ్యమని ఆర్థర్ నీళ్లలో మోకరిల్లుతాడు. ఒక్క వేటు వేస్తే రాజ్యం యూరియన్స్‌దే. అతని చేతులు తటపటాయించే ఆ కొన్ని క్షణాలూ ఎన్నిసార్లు చూసినా నాకు ఊపిరాడదు. మెర్లిన్ కూడా ఇది ఊహించలేదు.

తర్వాత రాజు కుంగితే నేల బీడువారడం, అతను తేరుకుని గుర్రమెక్కితే దారి పొడవునా చెట్లు పూసి రేకులు రాలడం, వెనక కార్ల్ ఓర్ఫ్ సంగీతం. ధర్మరాజు ఉన్నచోట వానలు వేళకు కురుస్తాయని విరాటపర్వంలో భీష్ముడు చెప్పిన మాట గుర్తొచ్చింది. అయితే అంత కథను కుక్కడంతో గ్రెయిల్ అనే పవిత్ర పాత్ర కోసం వెతుకులాట మాత్రం పరుగులు తీస్తుంది.

‘గ్రీన్ నైట్’లో మెడ వంచడమే కథంతా. క్రిస్మస్ నాడు సభకొచ్చిన ఆకుపచ్చ వీరుడు ఆయుధం కింద పెట్టి తనే తల వంచుతాడు. నువ్వు నన్ను ఎలా కొడితే ఏడాదికి నేను నిన్ను అలా కొడతానన్నది పందెం. చిన్న గాటు పెట్టినా సరిపోయేది. గవైన్ అతని తల నరికేస్తాడు. తల తెగినవాడు దాన్ని చేత్తో పట్టుకుని నవ్వుతూ వెళ్లిపోతాడు. ఇక గవైన్‌కి ఏడాది గడువు.

నా మొగ్గు దీనివైపే. ఆర్థర్ తెగింపు ఒక్క క్షణంలో పుట్టింది, పైగా గెలుస్తూ ఉన్నప్పుడు. గవైన్‌కి భయపడటానికి ఏడాదంతా ఉంది. ప్రాణం కాపాడుతుందని ఇచ్చిన ఆకుపచ్చ నడికట్టును వదల్లేడు. చివర్లో గొడ్డలి కింద కూర్చున్నప్పుడు, పారిపోతే ఏమవుతుందో దాదాపు మాటల్లేకుండా చూపిస్తారు. ఇంటికెళ్తాడు, కిరీటం వస్తుంది. ప్రేమించినదాని ఒడిలోంచి బిడ్డను తీసుకుని ఆమెకు నాణేలు వదిలేస్తాడు. ఆ కొడుకు యుద్ధంలో పోతాడు, జనం ఛీకొడతారు. అన్నేళ్లూ నడికట్టు మాత్రం ఒంటి మీదే ఉంటుంది. మాట తప్పి ఏలిన రాజ్యం ఎలా ఉంటుందో ఇంతకన్నా బాగా చూపిన సినిమా నేను చూడలేదు. గొడ్డలి దిగిందా లేదా అన్నది మీరే చూడండి. కావ్యంలో ముగింపు వేరు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. 1995 నాటి ‘ఫస్ట్ నైట్’లో మాయలూ మంత్రాలూ లేవు, ప్రేమకథే. 2004 నాటి ‘కింగ్ ఆర్థర్’ అతన్ని రోమన్ సేనానిని చేసింది. 2017లో గై రిచీ తీసింది జోరుగా సాగుతుంది కానీ మర్నాటికి నాకేమీ మిగల్లేదు.

‘గ్రీన్ నైట్’ను మాత్రం ఫోన్‌లో చూడకండి. మా తమ్ముడు బస్సులో చూసి “చీకటి తప్ప ఏమీ కనపళ్లేదన్నా” అన్నాడు. ఆదివారం రాత్రి ఇంట్లో లైట్లన్నీ తీసేసి టీవీలో పెట్టాను. ఆ నడికట్టు విప్పేచోట వాడు ముందుకు జరిగి కూర్చున్నాడు.