కర్నూలులో మా పాప చెస్ క్లాస్: బ్లాక్ వస్తే భయం పోయింది

మా పాప ఆరో తరగతి. కర్నూలు కొత్త బస్టాండు వైపు ఒక ఇంటి మేడ మీద నడిచే చెస్ క్లాస్‌కు పోయిన ఏడాది నుంచి వెళ్తోంది. పిల్లల్ని ఎక్కడ చేర్పించాలా అని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

నాకు బాగా నచ్చింది నల్ల పావులతో ఆడటం నేర్పే తీరు. చెస్‌లో మొదటి ఎత్తు తెల్ల పావులదే కదా, అందుకే ఇదివరకు ఎవరు ఎవరితో ఏ రంగుతో ఆడాలో చెప్పే పెయిరింగ్ లిస్టులో బ్లాక్ అని కనబడితే పాప ముఖం వాడిపోయేది, డ్రా అయితే చాలనుకునేది. సార్ ఆ మాటే ఒప్పుకోరు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయిన 14వ గేమ్‌ను బోర్డు మీద పెట్టారు. గుకేశ్‌వి నల్ల పావులు. 55వ ఎత్తులో అవతల ఆడుతున్న డింగ్ లిరెన్ రూక్‌ను (ఏనుగును) ఎఫ్2 గడికి జరపగానే ఆపి, "ఇప్పుడు బ్లాక్ ఏం చేయాల, చెప్పండి" అని పిల్లల్నే అడిగారు. రూక్‌లు కొట్టుకున్నాక బ్లాక్ తన బిషప్‌ను (శకటును) డి5కి తెస్తే, ఏ8 మూలన ఉన్న తెల్ల బిషప్‌కు తప్పించుకునే దారి లేదు. ఆ బిషప్‌లు కూడా కొట్టుకుంటే మిగిలేది రాజులు, పాన్‌లే (బంట్లే). బ్లాక్‌కు ఒక పాన్ ఎక్కువ. అక్కడి నుంచి గెలిచేదాకా పిల్లలతో ఆడించారు. వినడం వేరు, గడియారం నడుస్తుండగా ఆడటం వేరు కదా!

అదే నెలలో న్యూయార్క్‌లో మన కోనేరు హంపి చివరి రౌండ్‌లో నల్ల పావులతోనే గెలిచి తక్కువ సమయంలో ఆడే వరల్డ్ రాపిడ్ చెస్ టైటిల్ రెండోసారి అందుకుంది. ఆ గేమ్ ఎత్తులన్నీ పాప నోట్‌బుక్‌లో ఉన్నాయి.

ఈమధ్య నంద్యాల టోర్నీ ఆఖరి రౌండ్‌లో పాపకు బ్లాకే వచ్చింది. అవతల తనకన్నా పెద్ద అబ్బాయి. తొందరపడకుండా రూక్‌లు మార్చుకుని, ఎక్కువున్న ఒక్క పాన్‌ను చివరి వరుసదాకా నడిపి క్వీన్ చేసింది. బయటికొస్తూనే "అమ్మా, బ్లాక్‌తో గెలిచినా!" అని అరిచింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. మెట్లు ఇరుకు. పైన రేకులు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బ్యాచ్ వద్దు, సాయంత్రం అడగండి. డిజిటల్ క్లాక్‌లు అందరికీ చాలవు. నెల ఫీజు 1,200, అందులో ఆదివారం ప్రాక్టీస్ గేమ్‌లు కూడా కలిసే ఉంటాయి. పావుల కదలికలు కూడా రాని చిన్నపిల్లలకు ఇది సరిపోదు. చేర్చుకునే ముందు సార్ ఒక గేమ్ ఆడించి చూస్తారు, అందుకని ఆదివారం పొద్దునే తీసుకెళ్లండి.