అలర్ట్‌మేనేజర్ హెచ్‌టీఎంఎల్ మెయిల్: ‘ఇఫ్’ ఎక్కడ పెట్టామన్నదే అసలు సంగతి

మిర్యాలగూడలో రైస్ మిల్లు, సూర్యాపేటలో గోడౌన్, దేవరకొండలో బ్రాంచి. ఇలా మూడు చోట్ల సర్వర్లున్న ఆఫీసు ప్రొమీథియస్ (సర్వర్లను గమనించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, దాని హెచ్చరికలను (అలర్టులను) చేరవేసే అలర్ట్‌మేనేజర్ పంపే మెయిల్‌నే రిపోర్టుగా వాడుకోవచ్చా? నిక్షేపంగా వాడుకోవచ్చు. ఓపెన్ సోర్స్, లైసెన్సు ఖర్చు లేదు. కానీ డిఫాల్ట్ మెయిల్ లేబుళ్లన్నిటినీ (అలర్ట్‌కు అతికించిన పేరు-విలువ జంటలను) వరుసబెట్టి కుమ్మరిస్తుంది. మిల్లు మేనేజరు ఫోన్‌లో చూసి అర్థం చేసుకునే మెయిల్ కావాలంటే టెంప్లేట్ సొంతంగా రాసుకోవాల్సిందే.

టెంప్లేట్ భాష గో లాంగ్వేజ్‌ది. జంట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య ఇఫ్ (షరతు), ఎల్స్ (షరతు కుదరకుంటే), ఎండ్ (ముగింపు గుర్తు), రేంజ్ (అలర్టులను ఒక్కొక్కటిగా తీసుకునే లూప్). పనంతా ఈ నాలుగింటితోనే. ఎక్కువ మంది తప్పు చేసేది స్టేటస్ దగ్గర. పైన ఒక్క ఇఫ్ పెట్టి, స్టేటస్ ఫైరింగ్ (సమస్య ఇంకా ఉంది) అయితే ఎరుపు, కాకుంటే ఆకుపచ్చ అని రాస్తారు. ఆ స్టేటస్ ఒకే మెయిల్‌లో కలిసి వచ్చే అలర్టుల గుంపు మొత్తానిది. గుంపులో ఒక్క అలర్ట్ మిగిలున్నా అది ఫైరింగే. మిర్యాలగూడలో, సూర్యాపేటలో కరెంటొచ్చి సర్వర్లు లేచినా, దేవరకొండలో ఒక్కటి పడి ఉంటే మూడూ ఎర్రగానే కనిపిస్తాయి. అందుకే ఇఫ్‌ను రేంజ్ లోపలికి తెచ్చి ఒక్కో అలర్ట్ స్టేటస్ చూడాలి. లేదా ఫైరింగ్‌వి ఒక పట్టిక, రిజాల్వ్డ్‌వి (సర్దుకున్నవి) ఒక పట్టికగా రెండు రేంజ్‌లు రాయాలి. రెండోదే మేలు, చదివేవాళ్లకు ఒక్క చూపులో తెలుస్తుంది. ఈ-మెయిల్‌కు ‘సెండ్ రిజాల్వ్డ్’ మొదట్నుంచీ ఆఫ్‌లో ఉంటుంది. కాన్ఫిగ్‌లో ట్రూ చేయకపోతే అంతా సర్దుకున్నాక రావాల్సిన ఆకుపచ్చ మెయిల్ రానే రాదు.

అలర్ట్ ముగిసిన సమయం చూపడానికీ ఇఫ్ తప్పనిసరి. ఇంకా నడుస్తున్న అలర్ట్‌కు ఆ గడి ఖాళీగా ఉండదు, ఒకటో సంవత్సరం జనవరి 1 అని అచ్చవుతుంది. రిజాల్వ్డ్ అయితేనే చూపించాలి. సమయాలు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) వస్తాయి: ఉదయం 6 గంటలకు పడిన సర్వర్ 00:30 అని కనిపిస్తుంది. కొత్త వెర్షన్లలో ‘టీజెడ్’ ఫంక్షన్‌కు ఏషియా/కోల్‌కతా ఇస్తే ఐదున్నర గంటల తేడా పోతుంది. తేదీ ఫార్మాట్‌లో గో పద్ధతి ప్రకారం 02-01-2006 15:04 అనే అంకెలే వాడాలి. వేరే తేదీ నమూనాగా రాస్తే పిచ్చి అంకెలు వస్తాయి.

డిస్క్ 90 శాతం దాటితే ఎరుపు అని టెంప్లేట్‌లోనే లెక్క కట్టాలని చూడకండి. లేబుళ్లు, అనొటేషన్లు (అలర్ట్‌కు రాసిన వివరణలు) అన్నీ అక్షరాలే, అంకెతో పోల్చితే ఎర్రర్. హద్దును ప్రొమీథియస్ రూల్‌లో పెట్టి సివియారిటీ (తీవ్రత) లేబుల్ ఇవ్వండి, టెంప్లేట్‌లో అది క్రిటికలా కాదా అని చూస్తే చాలు. ఊరి పేరు శీర్షికలో రావాలంటే కామన్ లేబుల్స్‌లో ‘సైట్’ ఉందా అని ఇఫ్ పెట్టండి. అన్ని అలర్టులూ ఒకే ఊరివైతేనే అది ఉంటుంది. లేకుంటే ఎల్స్‌లో ‘పలు చోట్ల’ అని రాసుకోవచ్చు. తెలుగు అక్షరాలకు ఇబ్బందేమీ లేదు, ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే సరి.

ఈ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం ఒకటుంది. టెంప్లేట్ నడిచేటప్పుడు తప్పు దొరికితే అరకొర మెయిల్ కూడా రాదు, అసలు మెయిలే పోదు. ఎర్రర్ లాగ్‌లో పడుతుంది. రేంజ్ లోపల చుక్క (.) అంటే ఆ అలర్ట్. పై స్థాయి ఎక్స్‌టర్నల్ యూఆర్‌ఎల్ (అలర్ట్‌మేనేజర్ వెబ్ చిరునామా) కావాలంటే ముందు డాలర్ గుర్తు ఉండాలి. అది మరిచిపోతే ఇదే జరుగుతుంది. అలర్ట్‌మేనేజర్‌తో వచ్చే ఆమ్‌టూల్ కమాండ్‌లోని ‘చెక్ కాన్ఫిగ్’ రాత తప్పులనే పట్టుకుంటుంది, దీన్ని పట్టదు. ‘టెంప్లేట్ రెండర్’ కమాండ్‌కు టైప్ హెచ్‌టీఎంఎల్ అని చెప్పి, జేసన్ ఫైల్‌లో ఒక ఫైరింగ్, ఒక రిజాల్వ్డ్ అలర్ట్ కలిపి ఇచ్చి చూడండి. రెండు పట్టికలూ సరిగా వచ్చాకే రీలోడ్ చేయండి.