ఎడారి మాచిపత్రి నూనె: రెండో సీసాతో వచ్చిన తంటా

నా కోపమంతా రెండో సీసా మీదే. షీహ్ నూనె, అదే ఎడారి మాచిపత్రిది, మా మరిది దుబాయ్ నుంచి తెచ్చిన మొదటి సీసా మూత తీస్తే చాలు ముక్కు దిబ్బడ వదిలేది, ఘాటైన కర్పూరం వాసన, వెనకాల కాస్త చేదు. నువ్వుల నూనెలో రెండు చుక్కలు కలిపి మోకాళ్లకి రాసుకునేదాన్ని, దూదికి అద్ది బీరువాలో పెడితే పట్టుచీరల జోలికి పురుగు రాలేదు (వేపాకు కూడా పక్కనే ఉండేది లెండి).

అది అయిపోయాక అదే ఆర్టెమిసియా హెర్బా-ఆల్బా (ఈ మొక్క శాస్త్రీయ నామం), అదే మొరాకో అని రాసున్న సీసా ఇక్కడే ఆన్‌లైన్‌లో తెప్పించా. మూత తీస్తే దవనం! గుడిమల్కాపూర్ మార్కెట్లో దండల్లో కట్టే దవనం ఉంటుంది కదా, అచ్చం అదే తియ్యటి వాసన. షాపువాడికి ఫోన్ చేస్తే "మేడమ్, నేచురల్ అంటే అంతే" అని పెట్టేశాడు, వదలకుండా సతాయిస్తే చివరికి ఆ బ్యాచ్ గ్యాస్ క్రొమటోగ్రఫీ రిపోర్ట్ (నూనెలో ఏ పదార్థం ఎంతుందో విడదీసి చూపే పరీక్ష) పంపాడు. అందులో అన్నిటికన్నా పైన డవనోన్ అనే వాసన పదార్థం, మన దవనం నూనెలో ముఖ్యమైనదీ అదే, రెండూ ఆర్టెమిసియా జాతి మొక్కలే మరి. కర్పూరం, సినియోల్ (నీలగిరి తైలంలో ఉండే ఘాటు పదార్థం) ఎక్కడో అడుగున ఉన్నాయి. అంటే కల్తీ అని తేల్చలేను, కానీ నేను డబ్బులిచ్చింది దీనికి కాదు. ఈ మొక్క తీరే అంత, ఒకచోట కర్పూరం ఎక్కువ, ఇంకోచోట థుజోన్, మరోచోట క్రిసాంథెనోన్ (ఇవీ నూనెలో ఉండే పదార్థాలే), ఎక్కడ పెరిగింది ఎప్పుడు కోశారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఆ ముక్క లేబుల్ మీద రాయడానికేం రోగం?

ఇక మందు సంగతి. ల్యాబ్‌లో బ్యాక్టీరియాని అడ్డుకుందన్నది నిజమే, కానీ అది ఏ రకం నూనెతో అన్నది చూసుకోవాలి. మా అత్తయ్య సుగర్‌కి రెండు చుక్కలు వేణ్ణీళ్లలో తాగుతానన్నారు, అరబ్బులు తాగుతారట కదా అని. వాళ్లు తాగేది ఆకు కషాయం అత్తయ్యా, ఎలుకల్లో సుగర్ తగ్గిందని చూసిందీ ఆకు మరిగించిన నీళ్లతోనే, నూనెలో థుజోన్ ఎక్కువుంటే మెదడులో నరాల ఉద్రేకాన్ని అణచే గాబా అనే రసాయనం పనిని అడ్డుకుని ఫిట్స్ తెప్పిస్తుంది అని చెప్పి సీసా అటక మీద పెట్టేశా. మోకాళ్లకి బాగుందని ఫ్యామిలీ గ్రూప్‌లో తెగ పొగిడాను గానీ, రోజూ అంతసేపు రుద్దుతుంటే అందులో నూనె వాటా ఎంతో మరి.

రిపోర్ట్ ముందే చూపించే చోట దొరికితే మళ్లీ కొంటా, కర్పూరం రకమే. మా ఇంట్లో చంటిపిల్లలు లేరు, ఎవరికీ ఆయాసం, ఫిట్స్ లేవు, కాబట్టి మాకు నడిచింది, మీ ఇంటి సంగతి మీరు చూసుకోండి. ఈ దవనం సీసా మాత్రం మా తోడికోడలు దేవుడి గదికి బాగుంటుందని అడుగుతోంది, ఇచ్చేస్తున్నా.