విశాఖలో కాపురం: ఢిల్లీ వదిలి వచ్చిన మా ఇంటి అనుభవం

2023 నవంబరులో ఢిల్లీలో గాలి ఎంత పాడైందంటే, బడులకు జనవరిలో ఇచ్చే చలికాలం సెలవుల్లో కొన్నింటిని ముందుకు జరిపి అప్పుడే ఇచ్చేశారు. మా బాబుకి అప్పటికి ఏడేళ్లు, ఉబ్బసం ఉంది. ద్వారకలో మూడో అంతస్తులో ఉండేవాళ్లం. తలుపులన్నీ మూసి, ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకున్నా రాత్రి రెండింటికి వాడి ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. పక్క గదిలో అత్తయ్య చలికి మోకాళ్లు బిగుసుకుపోయి మంచం దిగలేకపోయేవారు. వచ్చే చలికాలం ఇక్కడ ఉండకూడదని ఆ పది రోజుల్లోనే అనుకున్నాం. మా వారిది ఇంటి నుంచి చేసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి ఊరు ఎంచుకునే వీలు మాకు ఉంది. 2024 ఏప్రిల్‌లో విశాఖపట్నం వచ్చేశాం. నెల రోజులు ఉండి రాసిన రివ్యూలు నమ్మి మేం ఒక పెద్ద తప్పు చేశాం. అందుకే రెండు ఎండాకాలాలు, రెండు తుఫాను సీజన్లు గడిచేదాకా ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

మా ముందున్నవి నాలుగు ఊళ్లు. మాది రాజమండ్రి దగ్గర పల్లె, రోహిణీ కార్తె ఎండ ఎలా ఉంటుందో చిన్నప్పుడే ఒంటికి తెలుసు. విజయవాడలోనూ అదే ఎండ కాబట్టి దాన్ని మొదటే వదిలేశాం. హైదరాబాద్‌లో బంధువులు ఉన్నారు, ఉద్యోగాలకు అంతకు మించిన చోటు లేదు. కానీ ఆ ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, జనవరి తెల్లవారుజామున అక్కడా స్వెట్టరు వేయాల్సిందే. అత్తయ్య వద్దన్నారు. చెన్నై నాకు నిజంగా నచ్చింది. ఆస్పత్రుల విషయంలో దానితో విశాఖ పోటీ పడలేదు. అయితే 2015 డిసెంబరు వరదలూ, 2019 నీళ్ల కరువూ రెండూ చూసిన స్నేహితురాలు అక్కడ ఉంది. ఆమె చెప్పింది విన్నాక మా వారు వెనక్కి తగ్గారు. పైగా బాబు అప్పటికే తెలుగు చదవలేని స్థితిలో ఉన్నాడు, ఇంకో కొత్త లిపి వాడి నెత్తిన పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

విశాఖ గురించి నేను ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఇక్కడ ఊరిని ఎంచుకుంటే సరిపోదు, పేటను ఎంచుకోవాలి. వాతావరణ శాఖ ఈ ఊరికి రెండు చోట్ల లెక్క తీస్తుంది, ఒకటి వాల్తేరు, రెండోది ఎయిర్‌పోర్టు. పేపర్లో ఆ రెండూ పక్కపక్కనే వేస్తారు. మే నెలలో చూడండి, సముద్రం పక్కనున్న వాల్తేరుకీ లోపలికి ఉన్న ఎయిర్‌పోర్టుకీ రెండు మూడు డిగ్రీల తేడా చాలా రోజులు కనిపిస్తుంది. ఒకే ఊరు, అదే రోజు. అటు కైలాసగిరి కొండలు, ఇటు డాల్ఫిన్ నోస్, యారాడ కొండలు, వాటి మధ్య పల్లంలో పాత టౌనూ ఫ్యాక్టరీలూ. సముద్రం గాలి ఏ వీధిదాకా వస్తుందో, ఏ కొండ దగ్గర ఆగిపోతుందో ఇంటి అద్దె ప్రకటనల్లో ఎవరూ రాయరు.

ఇళ్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు నేను సంచిలో తెల్ల రుమాళ్లు పెట్టుకుని వెళ్లాను. ఢిల్లీలో డాక్టరుగారు ఇచ్చిన సలహా అది. ప్రతి ఇంట్లో బాబు పడుకోబోయే గది కిటికీ అంచు తుడిచి చూసేదాన్ని. పాత టౌన్ వైపు చూసిన ఇంట్లో రుమాలు నల్లగా వచ్చింది, వేళ్ల మధ్య నలిపితే బొగ్గు పొడిలా గరగరలాడింది. మధురవాడలో ఎర్రమట్టి, ఎందుకంటే అక్కడ ప్రతి వీధిలో ఏదో ఒక అపార్ట్‌మెంట్ కడుతూనే ఉన్నారు. ఎంవీపీ కాలనీలో మామూలు దుమ్ము. లాసన్స్ బే కాలనీలో సముద్రం ఎదురుగా ఉన్న ఇంట్లో రుమాలు దాదాపు తెల్లగానే ఉంది, కొంచెం జిగటగా మాత్రం అనిపించింది. "సీ వ్యూ మేడమ్, పైగా ఏసీ కూడా అక్కర్లేదు" అన్నాడు బ్రోకరు. జనవరిలో చూశాం కాబట్టి నిజంగానే ఏసీ అక్కర్లేదనిపించింది. ఆ జిగట ఏమిటో అడగలేదు. అదే మా తప్పు.

అది ఉప్పు. ఆ ఇంట్లో ఉన్న పదకొండు నెలల్లో స్కూటరు సైలెన్సరు తుప్పు పట్టింది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కాయిల్‌ను ఉప్పు తినేసింది, బాల్కనీ గ్రిల్లు రంగు వేయించిన మూడు నెలలకే పొరలు పొరలుగా లేచింది. వస్తువులు పోతే పోయాయి. అసలు బాధ వానాకాలంలో మొదలైంది. బాబు గది గోడ చెమ్మ ఎక్కి, బీరువా వెనక నల్లటి బూజు మచ్చలు వచ్చాయి. ఆగస్టులో ఒక రాత్రి మళ్లీ అవే పిల్లికూతలు. ఢిల్లీ వదిలేస్తే ఉబ్బసం వదిలేస్తుందనుకున్న నాకు ఆ రాత్రి ఏడుపు ఆగలేదు. ఆరిలోవ హెల్త్ సిటీ వైపు ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన చెప్పింది ఇది: పొగకి దూరంగా వచ్చారు, మంచిదే. కానీ చెమ్మకి పెరిగే బూజూ, పరుపుల్లో ఉండే కంటికి కనిపించని పురుగులూ కూడా ఇదే పని చేస్తాయి, ఊరు మారినంత మాత్రాన ఇన్‌హేలర్ మానేయకూడదు. మేం జూన్‌లోనే మా అంతట మేం మానేశాం. ఇలాంటి పిల్లలున్న అమ్మలెవరైనా చదువుతుంటే దయచేసి ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

2025 మార్చిలో ఎంవీపీ కాలనీకి మారాం. సముద్రానికి నడిచే దూరమే, కానీ మధ్యలో నాలుగైదు వరసల ఇళ్లున్నాయి, ఆ మాత్రం అడ్డానికే ఉప్పు చాలా తగ్గింది. ఇది దక్షిణం గుమ్మం ఇల్లు. వాస్తు చూసుకుని చాలామంది వద్దనుకోవడంతో నెలల తరబడి ఖాళీగా ఉందట, అద్దె 28 వేల నుంచి 25 వేలకు దిగింది. ఇక్కడ ఎండాకాలమంతా గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. మా హాలు కిటికీలు రెండూ దక్షిణానికే. మే నెల సాయంత్రం నాలుగింటికి కర్టెన్లు లేచి సోఫా మీద పడతాయి. "అమ్మాయ్, ఈ గాలికి డబ్బులు కట్టక్కర్లేదే" అంటారు అత్తయ్య, రోజూ అదే మాట.

మే నెల గురించి అబద్ధం చెప్పను. థర్మామీటర్ 35 చూపిస్తుంది, ఢిల్లీలో 44 చూసినవాళ్లకి అది లెక్కే కాదనిపిస్తుంది. మొదటి వారం మాకూ అలాగే అనిపించింది. ఇక్కడి ఎండ చెమటలో ఉంటుంది. స్నానం చేసి తుడుచుకునేలోపు మళ్లీ తడి. బాబుకి మెడ నిండా చెమటకాయలు. ఢిల్లీలో పనిచేసిన కూలర్ ఇక్కడ తెచ్చి పెడితే గదిలో ఇంకాస్త తేమ పెంచడం తప్ప ఏమీ చేయలేదు, కాబట్టి కూలర్లు అక్కడే అమ్మేసి రండి. పడమటి గాలి గట్టిగా వీచిన రోజు సముద్రం గాలి మధ్యాహ్నం దాకా రాదు, ఆ రోజులు నరకం. అక్టోబరులో కూడా ఉక్కపోత ఉంటుందని మాకు ఎవరూ చెప్పలేదు. ఏసీ మార్చి మధ్య నుంచే మొదలవుతుంది, పోయిన మే కరెంటు బిల్లు 6,800 కట్టాం. ఢిల్లీలో చలికాలం హీటర్ల ఖర్చు ఇక్కడ లేదు కాబట్టి ఏడాది మొత్తం మీద మాకు పెద్ద తేడా రాలేదు.

చలికాలం మాత్రం ఈ ఊరి వరం. జనవరి రాత్రి ఒక్క దుప్పటి చాలు. అత్తయ్య తెల్లవారుజామున లేచి బీచ్ రోడ్డుకి నడుస్తున్నారు, ఆ వేళ అక్కడ కాసేపు బళ్లను ఆపేస్తారు కాబట్టి భయం లేదు. ఢిల్లీలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా లిఫ్టు దగ్గరికి కూడా రాని మనిషి, బీచ్ రోడ్డులోని కురుసురా సబ్‌మెరైన్ మ్యూజియం దాకా వెళ్లి వస్తున్నారు. ఆమె బట్టల పెట్టెలోని ఉన్ని శాలువాలు రెండేళ్లుగా బయటికి రాలేదు. అయితే గాలి ఏడాది పొడవునా స్వచ్ఛంగా ఉంటుందని అనుకోవద్దు. డిసెంబరు, జనవరిలో గాలి కదలని రోజులుంటాయి, ముఖ్యంగా పల్లపు ప్రాంతాల్లో దుమ్ము పైకి పోదు. అలాంటి పొద్దున మేం బాబును ఆటకి పంపం. ఇంకో మాట. 2020 మే 7న ఇక్కడి ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం నిద్రలో ఉండగా ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకై ప్రాణాలు పోయిన సంగతి అందరికీ తెలుసు. ఇల్లు తీసుకునే ముందు చుట్టూ ఏ ఫ్యాక్టరీలు ఉన్నాయో మ్యాప్‌లో చూడండి, ఇరుగుపొరుగును కూడా అడగండి.

తుఫాను అంటే మా వారికి మొదట్లో చాలా టెన్షన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. ఆ రోజు కిటికీ అద్దాలు ఎలా పగిలాయో, ఎన్ని రోజులు కరెంటు, నీళ్లు లేవో మా వాచ్‌మన్ ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతాడు. ఆ తర్వాతే ఊళ్లో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలు భూమి లోపలికి మార్చారు. మీరు చూసే వీధిలో తీగలు పైన ఉన్నాయా, లోపల ఉన్నాయా అని తలెత్తి ఒకసారి చూస్తే చాలు, తెలిసిపోతుంది. 2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు బడులకు సెలవులిచ్చారు. మేం బకెట్లలో నీళ్లు, కొవ్వొత్తులు, బాబుకి మందు ఆవిరిలా పట్టించే నెబ్యులైజర్‌కి ఇన్వర్టర్ సిద్ధం చేసుకుని కూర్చున్నాం. వాన దంచికొట్టింది, మా వరకు అంతటితో పోయింది. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ఇన్వర్టర్ తప్పనిసరి.

బడి సంగతి. మొదటి బడిలో సీటు ఇచ్చేటప్పుడు తెలుగు రాని పిల్లలకు విడిగా క్లాసు పెడతామన్నారు, పెట్టలేదు. రెండో ఏడాది మార్చేశాం. ఇప్పుడు వాడు గుణింతాలు దాటి బస్సు బోర్డులు చదువుతున్నాడు, '900 కె భీమిలి' అని గట్టిగా అరుస్తాడు. వీధిలో పిల్లలతో కలిసి ఇక్కడి యాసలో "బేగి రారా" (తొందరగా రారా) అంటున్నాడు. పదేళ్లు ఢిల్లీలో ఉండి నేను వాడికి ఇవ్వలేకపోయిన భాష అది. పోయిన ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ మా కాలనీ డబుల్ రోడ్డు మీదుగానే వెళ్లింది. 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచే జనానికి మా అపార్ట్‌మెంట్ వాళ్లం మజ్జిగ పోశాం. ముసలావిడ ఒకావిడ గ్లాసు తీసుకుని, "ఏ ఊరు బాబూ మీది?" అని మావాణ్ని అడిగితే, "ఇదే" అన్నాడు.

ఉద్యోగం చేతిలో లేకుండా మాత్రం ఇక్కడికి రావద్దు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ పోతే ఇంకో కంపెనీ అన్నట్టు ఇక్కడ ఉండదు. మా వారి ఆఫీసు మళ్లీ రమ్మంటే ఏం చేయాలన్నది మా ఇంట్లో ఇంకా తేలని ప్రశ్న. సామాను తరలించిన కంపెనీ ఆరు రోజులని చెప్పి పదమూడు రోజులకు తెచ్చింది, ఫ్రిజ్ తలుపు సొట్ట. అలాంటప్పుడు మందులు, బడి కాగితాలు, నెబ్యులైజర్ లారీలో వేయకుండా మీ వెంటే రైల్లో తెచ్చుకోండి. మేం ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఒకటిన్నర రోజు ప్రయాణం చేసి వచ్చాం. పిల్లాడి మందుల సంచి నా తల కిందే ఉంది, లేకపోతే ఆ వారం ఎలా గడిచేదో. ఇక సముద్రం. అది చూడ్డానికి, గాలికి, ముంత మసాలా తింటూ కూర్చోవడానికి. ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి, పిల్లల్ని మోకాళ్లు దాటి దింపకండి.

వచ్చే నెల ఇంటి ఓనరుగారి అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు, ఇల్లు ఖాళీ చేయమన్నారు. సీతమ్మధారలో కొండ వైపు రెండు ఇళ్లు ఉన్నాయని విన్నాను. ఆదివారం మధ్యాహ్నం, ఎండ గట్టిగా ఉన్నప్పుడే, బాబును కూడా తీసుకుని వెళ్తున్నాం. రుమాళ్లు ఉతికి ఆరేశాను.