కార్టిసాల్ పరీక్షలు: రాత్రి మాత్రా, లాలాజలమా, మూత్రమా?

ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు పడి, చిన్న వయసులోనే బీపీ, షుగరు పట్టుకుంటే కుషింగ్ సిండ్రోమ్ ఉందేమో చూద్దామంటారు డాక్టర్లు. ఒంట్లో కార్టిసాల్ హార్మోను అవసరానికి మించి ఉండటమే ఈ జబ్బు. మొదట చేసే పరీక్షలు మూడు. ఆదోని నుంచో ఆత్మకూరు నుంచో బస్సెక్కి కర్నూలు వచ్చే మనిషికి ఏది మేలు?

నన్నడిగితే చాలామందికి డెక్సామెథసోన్ (ఒంట్లో కార్టిసాల్ తయారీని తగ్గించే స్టెరాయిడ్ మందు) పరీక్షే. రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము, అంటే అర మిల్లీగ్రాము మాత్రలు రెండు వేసుకుని, పొద్దున 8 గంటలకు రక్తం ఇవ్వాలి. జబ్బు లేకపోతే కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల లోపుకు పడిపోతుంది. పడకపోతే అనుమానించాలి. మాత్రలు చవక, పని ఒక్క రాత్రిలో అయిపోతుంది. జబ్బున్నవాళ్లు దీని చేతికి చిక్కకుండా పోవడం అరుదు.

చిక్కల్లా జబ్బు లేనివాళ్లూ చిక్కడమే. మాత్ర మింగితే చాలదు, మందు పొద్దుటిదాకా రక్తంలో సరిపడా నిలవాలి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమజెపైన్, టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్లలో కాలేయం దాన్ని తొందరగా ఖర్చు చేసేస్తుంది. వాంతయినా, విరేచనాలు పట్టుకున్నా మందు ఒంటికి పట్టదు. మాత్ర వేసుకోవడం మరిచిపోయి, అడిగితే వేసుకున్నానని చెప్పేవాళ్లూ లేకపోలేదు! ఇట్రాకొనజోల్, డిల్టియాజెమ్ లాంటివి దీనికి తిరగబడి పనిచేస్తాయి. మందు మోతాదు మించి నిలిచి, జబ్బున్నా లేనట్టు కనిపించవచ్చు.

అందుకే అదే రక్తంలో డెక్సామెథసోన్ మోతాదు కూడా కొలిచే పద్ధతి ఉంది. లీటరుకు సుమారు 3.3 నానోమోల్స్, ఆపైన ఉంటే మందు సరిగా అందినట్టు లెక్క. ల్యాబును బట్టి ఈ హద్దు కాస్త మారుతుంది. అంతకు తక్కువుంటే, కార్టిసాల్ ఎక్కువ వచ్చినా ఆ రిపోర్టును నమ్మలేం. అందరికీ ఈ అదనపు ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. మిగిలిన సీరమ్‌ను, అంటే రక్తం నుంచి వేరుచేసిన ద్రవాన్ని, ఫ్రీజ్ చేసి ఉంచమని ల్యాబుకు ముందే చెప్పి, కార్టిసాల్ 1.8 దాటితేనే దాన్ని డెక్సామెథసోన్ కొలతకు పంపించడం తెలివైన పని. ఒక్క లోపం ఉంది. గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్ కార్టిసాల్‌ను మోసే ప్రొటీన్‌ను పెంచి, రిపోర్టులో అంకెను పైకి లాగుతుంది. డెక్సామెథసోన్ మోతాదు చూస్తే ఇది దొరకదు. డాక్టరుకు చెప్పి ఆ మాత్రలు ఆరు వారాల ముందే ఆపాలి.

లాలాజలం పరీక్షకు మందే అక్కర్లేదు. రాత్రి 11, 12 మధ్య దూదిచుట్టను నోట్లో ఉంచి తీస్తే చాలు, కనీసం రెండు రాత్రులు తీయాలి. ఫిట్స్, టీబీ మందులు వాడేవాళ్లకు ఇదే నయం. నైట్ డ్యూటీలు చేసేవాళ్లకు మాత్రం పనికిరాదు. చిగుళ్ల నుంచి రక్తం కారేవాళ్లు, పొగతాగేవాళ్లు, అతిమధురం నమిలేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

మూత్రం పరీక్ష నాకంత నచ్చదు. 24 గంటల మూత్రం ఒక్క చుక్క పోకుండా క్యానులో పట్టి, చల్లగా ఉంచి, అదీ రెండుసార్లు తేవాలి. కర్నూలు ఎండల్లో రోజుకు ఐదు లీటర్లకు మించి నీళ్లు తాగితే అంకె పెరుగుతుంది. కిడ్నీలు దెబ్బతింటే తగ్గుతుంది. గర్భిణులకు మాత్రం డెక్సామెథసోన్ కంటే ఇదే మంచిది.

ఏది చేసినా ఒక్క రిపోర్టు చూసి స్కానింగుకు పరుగెత్తకూడదు, రెండో రకం పరీక్ష కూడా అదే మాట చెప్పాలి. ఇంకో సంగతి. మోకాళ్ల నొప్పులకో ఆయాసానికో పల్లెలో ఇచ్చే సూదుల్లో, పొట్లాల్లో స్టెరాయిడ్ ఉంటే ముఖం అలాగే ఉబ్బుతుంది. అలాంటివాళ్లు ముందు ఆ పొట్లాలన్నీ తెచ్చి డాక్టరుకు చూపించాలి. వాటిని సొంతంగా హఠాత్తుగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.