స్టికర్ బొమ్మలకు మాస్కింగ్ లేయర్లు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

డిజిటల్ స్టికర్లు వేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట ఒకటే. కొత్త బ్రష్‌ల కోసం వెతకడం కాసేపు ఆపి, ముందు మాస్క్‌లు నేర్చుకోండి. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పారదర్శక కాగితాల్లాంటివి. వాటి మీద వేసిన రంగు ఎక్కడ కనిపించాలో, ఎక్కడ కనిపించకూడదో తేల్చేదే మాస్క్. చెయ్యి ఇంకా కుదురుకోని రోజుల నుంచి నేను మాస్క్‌లతోనే పని చేస్తున్నాను. ప్రోక్రియేట్, క్రిటా ఎక్కువగా వాడతాను. అవసరాన్ని బట్టి క్లిప్ స్టూడియో, ఫోటోషాప్, ఫోన్‌లో ఐబిస్ పెయింట్ కూడా వాడాను. యాప్ మారినా పద్ధతి మారలేదు. అందుకే ఈ సమీక్ష ఏ ఒక్క యాప్ గురించో రాయడం లేదు, మాస్కింగ్ లేయర్లతో స్టికర్ వేసే పద్ధతి గురించి రాస్తున్నాను.

స్టికర్‌కి నేపథ్యం ఉండదు. మామూలు బొమ్మలో రంగు కాస్త గీత దాటినా, వెనకున్న ఆకాశమో గోడో దాన్ని తనలో కలిపేసుకుంటుంది. స్టికర్ ఎక్కడికి పోయి అతుక్కుంటుందో మనకు తెలియదు. తెల్లటి చాట్ మీద పడొచ్చు, డార్క్ మోడ్‌లో కనిపించొచ్చు, ప్రింటయ్యి లాప్‌టాప్ మూత మీదికి ఎక్కొచ్చు. అంచులో ఏ లోపం ఉన్నా ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. మాస్క్ చేసే మేలు సరిగ్గా ఇక్కడే ఉంది. అంచును ఒక్కసారి శుభ్రంగా తేల్చుకుంటే, ఆ తర్వాత లోపల ఎంత ధైర్యంగా రంగులు వేసినా అది చెక్కుచెదరదు. గీత మీద ఇంకా పట్టు రానివాళ్లకు ఇంతకన్నా పెద్ద సాయం డిజిటల్ బొమ్మల్లో లేదని నా గట్టి నమ్మకం.

మాస్క్ అనే మాట కింద మూడు వేర్వేరు పనిముట్లు ఉన్నాయి. క్లిపింగ్ మాస్క్‌లో అడుగు లేయర్ మీద ఎక్కడ రంగుందో అక్కడే పై లేయర్ కనిపిస్తుంది. ఆల్ఫా లాక్‌లో విడిగా లేయర్ ఉండదు. ఉన్న లేయర్‌లోనే ఖాళీ పిక్సెళ్లకు తాళం పడుతుంది, రంగున్న చోటే బ్రష్ పడుతుంది. లేయర్ మాస్క్ దారి వేరు. దాని మీద నలుపు వేస్తే బొమ్మ దాక్కుంటుంది, తెలుపు వేస్తే బయటికొస్తుంది, బూడిద రంగు వేస్తే ఆ ముదురును బట్టి సగం సగం కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఏ వరసలో నేర్చుకోవాలంటే, నా ఓటు ముందు క్లిపింగ్ మాస్క్‌కి, తర్వాత లేయర్ మాస్క్‌కి. ఆల్ఫా లాక్ చాలా తేలిక కాబట్టి అందరూ ముందు దాన్నే పట్టుకుంటారు. ప్రోక్రియేట్‌లో లేయర్ మీద రెండు వేళ్లతో కుడివైపు జరిపితే చాలు, లాక్ పడిపోతుంది. కానీ అందులో వేసిన నీడ, అసలు రంగు ఒకే లేయర్‌లో కలిసిపోతాయి. వారం తర్వాత నీడ ఒక్కటే తగ్గించాలంటే కుదరదు. చిన్న చిన్న రంగు మార్పులకు తప్ప నేనిప్పుడు దాని జోలికి పెద్దగా పోను.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నేను తరచూ వేసే బొమ్మ గుడ్లగూబ. కాన్వాస్ 2048 × 2048 పిక్సెళ్లు పెడతాను. చివరికి చాట్ స్టికర్‌కి కావాల్సింది 512 పిక్సెళ్లే అయినా పెద్దగా వేసి తగ్గించడంలోనే సుఖం ఉంది, గీతలు నున్నగా వస్తాయి. మొదటి లేయర్‌లో గుడ్లగూబ మొత్తం ఆకారం, చెవుల కుచ్చులు, కాళ్లతో సహా ఒకే మధ్యస్థమైన రంగుతో నింపేస్తాను. కళ్లూ లేవు, రెక్కలూ లేవు, ఒట్టి ఆకారం. నా దృష్టిలో స్టికర్‌లో సగం పని ఇదే. దీనికి గట్టి అంచున్న బ్రష్ మాత్రమే వాడాలి. ఎయిర్‌బ్రష్ లాంటి మెత్తటి బ్రష్‌తో ఆకారం వేస్తే అంచు పిక్సెళ్లు సగం పారదర్శకంగా మిగిలిపోతాయి. దాని మీద క్లిప్ చేసిన ప్రతి లేయరూ ఆ సగం సగం అంచునే తీసుకుంటుంది. తెల్ల స్క్రీన్ మీద తేడా తెలియదు, ముదురు రంగు మీద పెట్టగానే బొమ్మ చుట్టూ మసక పొర కనిపిస్తుంది.

అందుకే ప్రతి ఫైల్‌లోనూ అట్టడుగున రెండు లేయర్లు ఎప్పుడూ ఉంచుతాను. ఒకటి నిండు నలుపు, ఇంకోటి కళ్లు చెదిరే మెజెంటా. పని మధ్యలో వాటిని వెలిగించి ఆర్పుతూ అంచు చూసుకుంటాను. ఆకారం లోపల రంగు నిండని సన్నటి గీతలూ, బయట ఎగిరిపడ్డ చుక్కలూ మెజెంటా మీద వెంటనే దొరికిపోతాయి. ఆ చుక్కల్ని తేలిగ్గా తీసుకోకండి. ప్రింట్ చేసి మెషీన్‌తో కత్తిరించే స్టికర్ అయితే, అంత చిన్న చుక్క చుట్టూ కూడా కట్ లైన్, అంటే మెషీన్ కత్తిరించే గీత, పడే అవకాశం ఉంది.

ఆకారం కుదిరాక పైన లేయర్లు ఒక్కొక్కటే క్లిప్ చేసుకుంటూ పోవడమే. రెక్కల రంగు ఒక లేయర్, పొట్ట ఒకటి, నీడ మల్టిప్లై మోడ్‌లో (కింది రంగును ముదురు చేసే పద్ధతిలో) ఒకటి, పైనుంచి పడే వెలుగు ఒకటి. నీడ వేసేటప్పుడు బ్రష్‌ను బొమ్మ బయట మొదలుపెట్టి లోపలికి లాగుతాను. బయట పడింది ఎలాగూ కనిపించదు కాబట్టి చెయ్యి వణకదు, స్ట్రోక్ ధారగా వస్తుంది. అంచు దగ్గర ఆగాలన్న టెన్షన్ పోయాక చెయ్యి ఎంత తేలికవుతుందో ఒక్కసారి చేసి చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్లందరికీ ఒక చిక్కు ఎదురవుతుంది. పొట్ట మీద చిన్న చిన్న ఈకల డిజైన్ వేసి దాన్ని కూడా క్లిప్ చేస్తే, డిజైన్ పొట్ట దాటి రెక్కల మీదికి పాకుతుంది. కారణం సులువు. వరసగా క్లిప్ చేసిన లేయర్లన్నీ తమ కిందున్న లేయర్‌ను చూడవు, అన్నిటికంటే అడుగునున్న ఒకే ఒక్క లేయర్‌ను చూస్తాయి. ఇక్కడ ఆ అడుగు లేయర్ గుడ్లగూబ ఆకారం, పొట్ట కాదు. ఈ సంగతి అర్థమైన రోజునే మాస్క్‌లు నిజంగా చేతికొచ్చినట్టు. పరిష్కారం లేయర్ మాస్క్‌లో ఉంది. ప్రోక్రియేట్‌లో పొట్ట లేయర్‌ను సెలెక్ట్ చేసి, ఆ సెలెక్షన్ అలా ఉండగానే డిజైన్ లేయర్‌కి మాస్క్ పెడితే, మాస్క్ పొట్ట ఆకారంలోనే తయారవుతుంది. ఫోటోషాప్‌లో కంట్రోల్ నొక్కిపట్టి, లేయర్ల జాబితాలో పొట్ట లేయర్ పక్కనుండే చిన్న బొమ్మ మీద క్లిక్ చేసి, ఆ తర్వాత మాస్క్ జోడించాలి. క్రిటా పద్ధతి కొంచెం వేరు. అందులో క్లిపింగ్ పని చేసే ఇన్హెరిట్ ఆల్ఫా అనేది అదే గ్రూపులో కిందున్న లేయర్లన్నిటినీ కలిపి చూస్తుంది. గ్రూపు కట్టకపోతే అడుగున నిండుగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ లేయర్ కూడా లెక్కలోకి వచ్చి, అసలు క్లిపింగే పనిచేయనట్టు అనిపిస్తుంది. గ్రూపు కట్టారంటే మాత్రం క్రిటాలో ఇది చక్కగా ఉంటుంది. పొట్టకో గ్రూపు, రెక్కకో గ్రూపు, దేని డిజైన్ దానిలోనే ఉంటుంది. పైగా ఆ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం.

లేయర్ మాస్క్ మీద నాకు ప్రేమ కలగడానికి ఇంకో కారణం ఎరేజర్ వాడకం తగ్గిపోవడం. గుడ్లగూబ ఒక పుస్తకం పట్టుకుందనుకోండి. రెక్క చివరి ఈకలు పుస్తకం ముందుకు రావాలి, మిగతా రెక్క పుస్తకం వెనకే ఉండాలి. ఎరేజర్‌తో పుస్తకం మూల చెరిపేస్తే పని అయిపోతుంది, కానీ ఆ మూల మళ్లీ రాదు. మాస్క్ మీద నలుపుతో ఆ మూలను దాచితే, రేపు రెక్క కాస్త కిందికి జరపాలనిపించినప్పుడు తెలుపుతో పుస్తకాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫైల్ మూసి తెరిచాక అన్‌డూ పనిచేయకపోయినా మాస్క్ అలాగే ఉంటుంది. పాత ఫైళ్లు తెరిచినప్పుడల్లా దీని విలువ తెలుస్తూనే ఉంటుంది.

నాకు బాగా నచ్చినది మాత్రం కళ్లు. చాట్ స్టికర్లంటే ఒకే పాత్రకు రకరకాల ముఖకవళికలు. వాట్సాప్‌లో ఒక ప్యాక్‌లో కనీసం 3, గరిష్ఠంగా 30 స్టికర్లు ఉండొచ్చు. ప్రతిదానికీ కళ్లు మళ్లీ వేయాలంటే ఎవరికైనా విసుగే. నేను చేసేదేమిటంటే, తెల్లటి గుండ్రం ఒక లేయర్‌లో వేసి, దాని మీద కనుపాప ఒక లేయర్, రెప్ప ఒక లేయర్ క్లిప్ చేస్తాను. రెప్పను ఒంటి రంగులోనే, గుండ్రం కంటే బాగా పెద్దగా, అడుగున ముదురు గీతతో వేస్తాను. ఇక ఆ రెప్ప లేయర్‌ను కిందికి జరపడమే పని. పావు వంతు దించితే నెమ్మదస్తుడు, సగం దించితే బోర్ కొట్టినవాడు, పూర్తిగా దించితే నిద్ర. రెప్పను లోపలివైపు వాలేలా కాస్త తిప్పితే కోపం, బయటివైపు వాలిస్తే దిగులు. కనుపాపను ఏ మూలకు జరిపినా గుండ్రం దాటి బయటికి రాదు. ఒక్క గీత కొత్తగా గీయకుండా ఇన్ని భావాలు పుట్టుకొస్తుంటే కలిగే సంతోషం వేరు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు ఈ కంటితోనే సాధన చేయమంటాను. క్లిపింగ్ అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చూపించే పాఠం లేదు.

స్టికర్ చుట్టూ తెల్ల అంచు కూడా మొదటి ఆకారం లేయర్ నుంచే వస్తుంది. ఫోటోషాప్‌లో లేయర్ స్టైల్ కింద స్ట్రోక్, క్లిప్ స్టూడియోలో బోర్డర్ ఎఫెక్ట్ ఉన్నాయి. క్రిటాలో ఆకారాన్ని సెలెక్ట్ చేసి, సెలెక్షన్‌ను గ్రో చేసి (చుట్టూ కాస్త పెంచి), కింద కొత్త లేయర్‌లో తెలుపు నింపుతాను. ప్రోక్రియేట్‌లో ఒక్క నొక్కుతో అయ్యే దారి లేదు. ఆకారం లేయర్‌ను కాపీ చేసి, అంచును మసకబార్చే గాసియన్ బ్లర్‌తో ఉబ్బించి, ఆటోమేటిక్ సెలెక్షన్‌తో బయటి భాగం పట్టుకుని, ఆ సెలెక్షన్‌ను తిరగేసి (బయటి భాగం బదులు లోపలి భాగం ఎంచుకునేలా చేసి) తెలుపు నింపాలి. కొంచెం చుట్టుదారే అయినా ఫలితం బాగుంటుంది. వాట్సాప్ తన సూచనల్లో 512 పిక్సెళ్ల స్టికర్‌కి 8 పిక్సెళ్ల తెల్ల అంచు, చుట్టూ 16 పిక్సెళ్ల ఖాళీ ఉంచమంటుంది. 2048 కాన్వాస్ మీద అంటే 32, 64 అన్నమాట. ఆ ఖాళీకి ముందే గైడ్ గీతలు పెట్టుకుంటే చివర్లో బొమ్మను కుదించే బాధ తప్పుతుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. లేయర్లు త్వరగా పెరిగిపోతాయి. ప్రోక్రియేట్‌లో ఎన్ని లేయర్లు దొరుకుతాయన్నది కాన్వాస్ సైజు మీద, ఐప్యాడ్ మెమరీ మీద ఆధారపడుతుంది కాబట్టి అవసరానికి మించి పెద్ద కాన్వాస్ తీసుకోకూడదు. లేయర్లకు పేర్లు పెట్టకపోతే నెల తర్వాత మన ఫైల్ మనకే అర్థం కాదు. లేయర్ మాస్క్ వాడేటప్పుడు మనం బొమ్మ మీద ఉన్నామా, మాస్క్ మీద ఉన్నామా అని ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచాలి. ఎరుపు ఎంచుకున్నా బూడిద రంగే వస్తోందంటే మాస్క్ మీద ఉన్నట్టే. ఫోన్ స్క్రీన్ మీద ఈ తేడా కనిపెట్టడం నిజంగా కష్టం, కాబట్టి లేయర్ మాస్క్ నేర్చుకునేటప్పుడు వీలైతే పెద్ద తెర ముందు కూర్చోండి.

ఎక్స్‌పోర్ట్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్యాక్‌గ్రౌండ్ ఆపేసి పీఎన్‌జీగా తీయాలి. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు, ఎంత జాగ్రత్తగా మాస్క్ చేసినా వెనకాల తెల్లటి చతురస్రం వచ్చేస్తుంది. వాట్సాప్‌కి వెబ్‌పీ ఫార్మాట్‌లో, కదలని స్టికర్ అయితే 100 కేబీ లోపు ఉండాలి. గరుకు టెక్స్‌చర్లు ఎక్కువగా వేస్తే సైజు పెరుగుతుంది. మాస్క్‌లతో పని చేసినప్పుడు టెక్స్‌చర్ విడి లేయర్‌లోనే ఉంటుంది కాబట్టి దాని ఒపాసిటీ (ఎంత చిక్కగా కనిపించాలన్నది) తగ్గించి మళ్లీ తీయడం క్షణాల పని. ప్రింట్ కోసమైతే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3 అంగుళాల స్టికర్‌కి 900 పిక్సెళ్లు చాలు, 2048లో వేసిన బొమ్మ హాయిగా సరిపోతుంది.

అక్షరాల స్టికర్లు వేసేవాళ్ల కోసం ఒక మాట. అక్షరాలే అడుగు లేయర్‌గా పెట్టి, రంగుల మార్పులూ మెరుపులూ వాటి మీద క్లిప్ చేస్తే చాలా అందంగా వస్తాయి. కానీ మన లిపిలో ఒత్తులు చాలాసార్లు అక్షరం కింద విడిగా నిలబడతాయి. "అబ్బా" అని రాస్తే బ ఒత్తు తునకలా వేరుగా ఉంటుంది, ప్రింట్ చేసి కత్తిరిస్తే అది విడిపోతుంది. అక్షరానికీ ఒత్తుకీ మధ్య ఖాళీ ఎంతుందో చూసి, తెల్ల అంచు అందులో సగం కంటే వెడల్పుగా పెడితే రెండు వైపుల నుంచీ అంచు పెరిగి మధ్యలో కలిసిపోతుంది, మాట మొత్తం ఒకే ముక్కగా నిలుస్తుంది. నేను ఇలాంటి మాటల్ని ఫాంట్‌తో కాకుండా చేత్తోనే రాసి, ఒత్తును అక్షరానికి కాస్త దగ్గరగా జరిపి, ఆ తర్వాతే అంచు పెంచుతాను.