ఐరన్ డ్యూక్ జాడల్లో: డిడ్‌కాట్, స్విండన్

లండన్‌లోని ప్యాడింగ్టన్ నుంచి 53 మైళ్ల దూరంలో ఉన్న డిడ్‌కాట్‌కు ముప్పావుగంటలో చేరుకున్నాము. గ్రేట్ వెస్టర్న్ రైల్వే కోసం డేనియల్ గూచ్ రూపొందించిన ఐరన్ డ్యూక్ తరగతి ఎక్స్‌ప్రెస్ ఇంజిన్ల చరిత్రను వాటి ఊళ్లలోనే తెలుసుకోవాలన్నది నా చిరకాల కోరిక. 1847 నుంచి 1855 వరకు ఇటువంటివి 29 తయారు కాగా, వాటిలో ఒక్కటీ నేడు మిగలలేదు.

పాత రైలింజిన్లను భద్రపరిచే ప్రదర్శనశాల అయిన డిడ్‌కాట్ రైల్వే సెంటర్‌లో ఉన్నది 1985లో, తర్వాతి కాలపు ఇంజిన్ల భాగాలను కూడా వాడి నిర్మించిన ప్రతిరూపం. అయినా దాని పక్కన నిలబడినప్పుడు కలిగిన ఆశ్చర్యం తక్కువేమీ కాదు. పిస్టన్లు తిప్పే పెద్ద చక్రం, అంటే చోదక చక్రం వ్యాసమే 8 అడుగులు. అది ఒక్కసారి తిరిగితే బండి దాదాపు 25 అడుగులు ముందుకు సాగుతుంది కనుక, పిస్టన్లను మితిమీరిన వేగంతో ఆడించకుండానే ఎక్స్‌ప్రెస్ వేగం సాధించగలిగారు. పట్టాల మధ్య దూరం 7 అడుగుల పావు అంగుళం, అంటే మన బ్రాడ్ గేజ్ కంటే అడుగున్నర ఎక్కువ. మొదట వచ్చిన గ్రేట్ వెస్టర్న్ అనే ఇంజిన్‌కు ముందు ఇరుసు విరగడంతో అక్కడ మరో జత చక్రాలు చేర్చారు; ఐరన్ డ్యూక్‌కు ముందు భాగంలో నాలుగు చిన్న చక్రాలు ఉండటానికి కారణం అదే.

సెంటర్ ద్వారం స్టేషన్‌ను ఆనుకునే ఉన్నా మెట్లు ఎక్కవలసి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారికి అది చాలా కష్టమైంది. తెరిచి ఉండే రోజులను ముందే చూసుకోవడం అవసరం.

రాత్రి బసకు స్విండన్‌ను ఎంచుకున్నాము. మేము దిగిన హోటల్‌లో గది శుభ్రంగానే ఉన్నప్పటికీ, శాకాహారమని ముందుగా తెలిపినా ఉదయం మాకు రొట్టె, పండ్లు తప్ప మరేమీ దొరకలేదు. అయితే ఆ ఊరిలో బస చేసినందువల్ల కార్మికుల కోసం రైల్వే కంపెనీ కట్టించిన రాతి ఇళ్ల వీధుల్లో తీరికగా నడిచే అవకాశం కలిగింది. పాత కర్మాగారంలోనే ఉన్న స్టీమ్ మ్యూజియం స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరమే. 29 ఇంజిన్లలో 22 ఈ ఊరిలోనే తయారయ్యాయి. 1851 నాటి లార్డ్ ఆఫ్ ది ఐల్స్ అనే ఇంజిన్‌ను చాలాకాలం ఇక్కడే భద్రపరిచి, చివరికి 1906లో తుక్కుగా విరగ్గొట్టారన్న సంగతి నన్ను నిజంగా బాధించింది.

సమయం ఒక్కరోజే ఉన్నవారు డిడ్‌కాట్‌కే వెళ్లాలని నా సలహా, ఎందుకంటే ఆ చక్రం పక్కన నిలబడితే తప్ప ఈ ఇంజిన్ పరిమాణం ఊహకు అందదు. రెండు రోజులున్నవారు డిడ్‌కాట్ ముందు చూసి స్విండన్‌కు వెళ్లడం మంచిది. రైలులో అది 20 నిమిషాల ప్రయాణమే.